మొదటి కాన్పుకు ఆపరేషన్ అంటున్నారా? ఏం చూడాలి, ఏం అడగాలి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019–21లో జరిగింది. ఆ లెక్క ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఆసుపత్రులను విడదీసి చూస్తే తేడా ఇంకా పెద్దది. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటులో 63, ప్రభుత్వంలో 26.6. ఇదే సర్వేలో బీహార్‌ది 9.7, నాగాలాండ్‌ది 5.2. అక్కడి బాధ వేరు: ఆపరేషన్ తప్పనిసరైన తల్లికి కూడా అది సమయానికి అందదు.

ఒక ప్రాంతం మొత్తంలో సిజేరియన్లు 10 శాతం దాటాక, ఆపైన ఎంత పెరిగినా తల్లుల, పసికందుల మరణాలు తగ్గడం కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. ఇది జనాభాకు సంబంధించిన లెక్క. బల్ల మీద ఉన్న ఒక తల్లికి ఆపరేషన్ కావాలా వద్దా అన్నది ఈ అంకెతో తేల్చకూడదు. అవసరమైన చోట సిజేరియన్ రెండు ప్రాణాలను నిలబెడుతుంది, అక్కడ బేరాలకు తావులేదు.

ఇంట్లోవాళ్ల శ్రద్ధ ఎక్కువగా ఉండాల్సింది మొదటి కాన్పు మీద. మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్నది మన దగ్గర దాదాపు ఆచారమైపోయింది. అందుకే ఏ చిక్కూ లేని మొదటి చూలులో చేసే ఆ మొదటి కోతకు కారణం గట్టిదో కాదో చూసుకోవాలి. ఆ పని నొప్పులు వచ్చిన రోజున కుదరదు, ఏడో నెలలోనే మొదలుపెట్టాలి.

ఆసుపత్రిని ఎంచుకునే ముందు

"మీ దగ్గర ఎన్ని సిజేరియన్లు అవుతాయి?" అని అడిగితే వచ్చే జవాబు పెద్దగా పనికిరాదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి క్లిష్టమైన కేసులన్నీ వచ్చే పెద్దాసుపత్రిలో శాతం ఎక్కువే ఉంటుంది, అది తప్పు కాదు. రాబ్సన్ అనే వైద్యుడు 2001లో కాన్పులను పది గుంపులుగా విడదీసే పద్ధతి చెప్పారు. ఆసుపత్రులను పోల్చడానికి దాన్నే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అందులో మొదటి గుంపు ఇది: మొదటి కాన్పు, కడుపులో ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, 37 వారాలు నిండాయి, నొప్పులు వాటంతట అవే వచ్చాయి. ఈ గుంపులో ఆపరేషన్లు 10 శాతం లోపు ఉంచడం సాధ్యమే. అంతకుముందు మామూలు కాన్పు అయి, ఇప్పుడూ అలాగే నొప్పులతో వచ్చినవాళ్లు మూడో గుంపు. వాళ్లలో 3 శాతం దాటకూడదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇలా ఉండాలి: "మొదటి కాన్పుకు, తల కిందికి ఉండి, నెలలు నిండి, నొప్పులతో వచ్చినవాళ్లలో ఎంతమందికి ఆపరేషన్ చేయాల్సి వస్తోంది?" లెక్క పెట్టుకునే ఆసుపత్రి సూటిగా చెబుతుంది.

దాంతోపాటు రాత్రివేళ సంగతీ కనుక్కోండి. మత్తు డాక్టర్ ఆసుపత్రిలోనే ఉంటారా, పిలిస్తే వస్తారా? నొప్పుల గదిలో రాత్రంతా ఎవరు చూస్తారు? మన ఊళ్లలో చాలా నర్సింగ్ హోములు ఒక్క డాక్టర్ మీదే నడుస్తాయి. మొదటి కాన్పు నొప్పులు పన్నెండు, పద్నాలుగు గంటలు సాగితే అన్ని గంటలూ ఆ ఒక్కరే కనిపెట్టుకుని ఉండాలి. ఆపరేషన్ గంటలో ముగుస్తుంది. దాని బిల్లు ఎక్కువ అన్నది అందరూ చెప్పే మాటే కానీ, మా దృష్టిలో సిబ్బంది కొరతా, ఏదైనా అయితే బంధువులు మీద పడతారన్న భయమూ అంతే పెద్ద కారణాలు. మిడ్‌వైఫ్ శిక్షణ, అంటే మామూలు కాన్పులు చూసుకునే ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు పక్కన ఉండే చోట ఓపిక పట్టడం సాధ్యమవుతుంది. 2018లో కేంద్రం మిడ్‌వైఫ్ సేవలకు మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో శిక్షణ 18 నెలలు. తెలంగాణలో ఈ శిక్షణ అంతకుముందే, 2017లో మొదలైంది. మీకు దగ్గర్లోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో అలాంటివాళ్లు ఉన్నారేమో అడగండి.

నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ ఇస్తారా, రాత్రిపూట కూడా ఇస్తారా అన్నదీ ముఖ్యమే. నొప్పి భరించలేక, లేదా భరించలేనేమోనన్న భయంతో "ఆపరేషన్ చేసేయండి" అని అడిగేవాళ్లు తక్కువేం కాదు. ఎపిడ్యూరల్ తీసుకుంటే సిజేరియన్ అయ్యే అవకాశం పెరుగుతుందన్న మాట నిజం కాదు.

మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ వల్ల ఇంకో చిక్కు వస్తుంది. ఎనిమిది నెలలు చూసిన డాక్టర్ ఒకరు, కాన్పు చేసేవారు వేరొకరు. కొత్త డాక్టర్‌కు పాత సంగతులు తెలియకపోతే అనుమానం వచ్చిన ప్రతిచోటా ఆపరేషన్ వైపే మొగ్గుతారు. మాతా శిశు సంరక్షణ కార్డు, బ్లడ్ గ్రూప్, హీమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ రిపోర్టులు, ప్రతి చెకప్‌లో రాసిన బీపీ, బరువు, బిడ్డ అవయవాలను చూసే ఐదో నెల టిఫా స్కాన్ అన్నీ ఒకే ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి. అన్నిటికంటే పైన ఉండాల్సిన కాగితం మూడో నెలలో, అంటే 11 నుంచి 13 వారాల మధ్య తీసిన మొదటి స్కానింగ్. డెలివరీ తేదీ ఆ స్కాన్‌తో ఖాయమైపోవాలి. తొమ్మిదో నెల స్కాన్ మీద ఇంకో తేదీ అచ్చవుతుంది, అది బిడ్డ సైజును బట్టి మెషీన్ వేసిన అంచనా. దాన్ని పట్టుకుని "డేటు దాటిపోయింది" అన్నా, "ఇంకా నెలలు నిండలేదు" అన్నా పొరపాటే.

కారణం చెప్పినప్పుడు

కొన్ని కారణాలకు ఎదురు ప్రశ్న ఉండదు. మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పేసి ఉండటం, బిడ్డ అడ్డంగా ఉండటం, బిడ్డ కంటే ముందు బొడ్డుతాడు జారి బయటికి రావడం, మాయ ముందే ఊడిపోయి రక్తస్రావం కావడం, గుండె చప్పుడు పడిపోయి మళ్లీ పైకి రాకపోవడం, నొప్పులు బలంగా ఉన్నా బిడ్డ ఇరుక్కుపోవడం. వీటిలో కొన్నింటికి అరగంటలో బిడ్డను తీయాలి. అలాంటప్పుడు సంతకం కోసం మామగారు రావాలి, అన్నయ్యతో మాట్లాడాలి అని ఆపకండి. తల్లి సంతకం చాలు.

మిగతావాటిలో అంకె అడగాలి. ఎక్కువగా వినబడేది "ఉమ్మనీరు తగ్గింది". స్కాన్‌లో గర్భాశయం నాలుగు మూలలా నీటి లోతు కొలిచి కూడితే వచ్చే సూచీ 5 సెంటీమీటర్ల కంటే తక్కువైతేనో, లేదా అన్నిటికన్నా లోతైన ఒక్క చోటు 2 సెంటీమీటర్ల కంటే తక్కువైతేనో నీరు తక్కువ అంటారు. నెలలు నిండేకొద్దీ నీరు కొంత తగ్గడం సహజం. 39వ వారంలో సూచీ 8 ఉంటే అది మామూలే. నాలుగు మూలల లెక్క పట్టుకుంటే అనవసరపు జోక్యం పెరుగుతుందనీ, లోతైన చోటు కొలతే మేలనీ అధ్యయనాలు తేల్చాయి. నిజంగా తక్కువగానే ఉన్నా, నెలలు నిండి, బిడ్డ ఎదుగుదల, డాప్లర్ (రక్తప్రసరణ చూసే స్కాన్), గుండె చప్పుడు బాగుంటే సాధారణంగా నొప్పులు తెప్పించి చూస్తారు, నేరుగా కోయరు. "ఎంత ఉంది, ఎలా కొలిచారు, బిడ్డ గుండె ఎలా ఉంది?" అని ఈ మూడూ కలిపి అడగండి. ఎక్కువ నీళ్లు తాగడం మంచిదే. సెలైన్ సీసాలు వరసగా ఎక్కించుకున్నంత మాత్రాన సమస్య తీరదు.

"బొడ్డుతాడు మెడకు చుట్టుకుంది" అనేది ఇంట్లోవాళ్లను హడలగొట్టే మాట. పుట్టే బిడ్డల్లో నూటికి ఇరవై ముప్పై మందికి మెడచుట్టూ తాడు ఉంటుంది, చాలామంది మామూలుగానే పుడతారు. తాడులో రక్తం ప్రవహిస్తున్నంతసేపూ బిడ్డకు ఊపిరాడకపోవడం అనేది లేదు, ఎందుకంటే బిడ్డ ఇంకా ముక్కుతో ఊపిరి తీయడం లేదు. నొప్పుల్లో గుండె చప్పుడు పడిపోతే అప్పుడు ఆలోచించాలి. స్కాన్‌లో తాడు కనబడటం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు.

"బిడ్డ పెద్దది, మీరు పొట్టి, దారి చాలదు." స్కాన్‌లో చూపే బరువు 10–15 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, 3.5 కిలోలని రాస్తే పుట్టేది 3.1 కావచ్చు. అమెరికాలోని ప్రసూతి నిపుణులు ముందే ఆపరేషన్ గురించి ఆలోచించమనేది అంచనా బరువు 5 కిలోలు దాటితే, తల్లికి షుగర్ ఉంటే 4.5 కిలోలు దాటితే. మన ఆడవాళ్ల శరీరతత్వం వేరని డాక్టర్ ఇంకాస్త ముందే జాగ్రత్త పడటంలో అర్థం ఉంది, కానీ మూడు కిలోల బిడ్డకు ఆ మాట చెల్లదు. దారి చాలుతుందో లేదో నొప్పులు వచ్చి, తల కిందికి దిగడం మొదలయ్యాకే తెలుస్తుంది. ఎత్తు కొలిచి చెప్పగలిగేది కాదు.

బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే, 36–37 వారాల్లో పొట్ట పైనుంచి చేతులతో నెట్టి తల కిందికి తిప్పే పద్ధతి ఉంది. దాదాపు సగం మందిలో ఫలిస్తుంది. ఆపరేషన్ థియేటర్ దగ్గర్లో, గుండె చప్పుడు చూస్తూ, అనుభవం ఉన్నవారే చేయాలి. ఇది తెలిసిన డాక్టర్లు తక్కువ కాబట్టి 35వ వారంలోనే వెతుక్కోండి, 39లో అడిగితే అదను దాటిపోతుంది. ఇంటి దగ్గర మంత్రసానితోనో మరొకరితోనో పొట్ట తోమించుకోవడం మాత్రం ప్రమాదం.

"బిడ్డ లోపల మోషన్ చేసేసింది." నెలలు నిండిన కాన్పుల్లో ఉమ్మనీరు పచ్చబడటం అరుదేమీ కాదు. పల్చగా ఉండి గుండె చప్పుడు బాగుంటే కనిపెట్టి చూస్తూ కాన్పు సాగనివ్వొచ్చు. చిక్కగా ఉండి, గుండె చప్పుడులోనూ తేడా ఉంటే త్వరపడాలి. నీరు పచ్చగా కనబడితే ఇంట్లో ఉండకుండా వెంటనే బయల్దేరండి, అది మాత్రం మరవొద్దు.

డేటు దాటడం గురించి: 40 వారాలు నిండిన మర్నాడే ఆపరేషన్ అక్కర్లేదు. 41 వారాలకు నొప్పులు తెప్పించడం మంచిది, ఆపైన ఆగితే బిడ్డకు ముప్పు పెరుగుతుంది. నొప్పులు తెప్పిస్తే చివరికి ఆపరేషనే అవుతుందని చాలామంది నమ్ముతారు. 2018లో వెలువడిన పెద్ద అమెరికా పరిశోధనలో 39వ వారంలో నొప్పులు తెప్పించినవారిలో 18.6 శాతానికి, వేచి చూసినవారిలో 22.2 శాతానికి సిజేరియన్ అయింది. చిక్కు తెప్పించడంలో లేదు, తెప్పించాక ఆగకపోవడంలో ఉంది. గర్భాశయ ముఖద్వారం ఇంకా గట్టిగా ఉంటే ముందు జెల్, మాత్ర లేదా బెలూన్ గొట్టం పెట్టి మెత్తబరుస్తారు. దానికే ఒక రోజు పట్టొచ్చు. ఉదయం జెల్ పెట్టి సాయంత్రానికి "నొప్పులు రాలేదు, ఫెయిలైంది" అంటే అది తొందరపాటు. ఉమ్మనీటి సంచి తెరిచి, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ మందు డ్రిప్ 12 నుంచి 18 గంటలు నడిపాక కూడా కదలిక లేకపోతేనే విఫలమైందనాలి.

నొప్పుల రోజు

దొంగ నొప్పులకే పరిగెత్తి ముందుగా చేరిపోతే జోక్యం పెరుగుతుంది. ఇల్లు ఆసుపత్రికి దగ్గరై, ఏ చిక్కూ లేకపోతే, అయిదు నిమిషాలకోసారి, ఒక్కొక్కటి ముప్పావు నుంచి ఒక నిమిషం ఉండేలా గంటపాటు నొప్పులు వచ్చాక బయల్దేరండి. నీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా, ముందు సిజేరియన్ అయి ఉన్నా వెంటనే వెళ్లాలి. పల్లె నుంచి గంట ప్రయాణం ఉన్నవాళ్లూ ఆగకూడదు. 108కి ముందే ఫోన్ చేయండి.

ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునే దాకా నెమ్మదిగానే సాగుతుంది, దానికి గంటల లెక్క లేదు. 5 నుంచి 10 దాకా మొదటి కాన్పులో 12 గంటల వరకు పట్టొచ్చు. పూర్తిగా తెరుచుకున్నాక ముక్కడానికి 3 గంటల దాకా సమయం ఇవ్వొచ్చు. గంటకు ఒక సెంటీమీటర్ తెరుచుకోవాలన్న పాత నియమం అందరికీ వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. కాబట్టి 3 సెంటీమీటర్ల దగ్గర "ప్రోగ్రెస్ లేదు" అని చెబితే, బిడ్డ గుండె బాగుందా అని అడిగి, బాగుంటే ఇంకా ఆగమని కోరవచ్చు. 6 సెంటీమీటర్లు దాటి, నీరు పోయి, బలమైన నొప్పులు 4 గంటలు వచ్చినా, నొప్పులు చాలక డ్రిప్ 6 గంటలు నడిపినా మార్పు లేకపోతే అప్పుడు ఆగిపోయిందనడం సబబు.

తోడున్నవాళ్లు ఒక కాగితం మీద గంట, ఎన్ని సెంటీమీటర్లు, గుండె చప్పుడు ఎంత అని రాసుకుంటూ ఉండాలి. లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారి చాలు. గుండె చప్పుడు నిమిషానికి 110–160 మధ్య ఉండాలి. దాన్ని మొదట్లో 15–30 నిమిషాలకోసారి, ముక్కేటప్పుడు 5 నిమిషాలకోసారి వింటారు. ముప్పేమీ లేని తల్లికి పొట్ట మీద బెల్టులు కట్టి పొద్దస్తమానం బిడ్డ గుండె చప్పుడు గ్రాఫ్ తీస్తే ఆపరేషన్లు పెరుగుతాయి తప్ప బిడ్డల మరణాలు తగ్గలేదు. గ్రాఫ్‌లో అనుమానం వస్తే ముందు తల్లిని ఎడమవైపు తిప్పుతారు, డ్రిప్ ఆపుతారు, బీపీ చూస్తారు. అప్పటికీ కుదుటపడకపోతే ఇక ఆలస్యం చేయకూడదు.

అమ్మో అత్తమ్మో అక్కో, నొప్పులు ఎరిగిన ఒక మనిషి చివరిదాకా పక్కన ఉంటే సిజేరియన్లు నాలుగో వంతు దాకా తగ్గాయని అధ్యయనాలు చెబుతున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఆడతోడును కేంద్రం 2016లోనే అనుమతించింది. "లోపలికి రాకూడదు" అంటే ఆ సంగతి మర్యాదగా గుర్తుచేయండి. నడవడం, పక్కకు తిరిగి పడుకోవడం, మజ్జిగ, కొబ్బరినీళ్లు లాంటివి తాగడం చాలామందికి మంచిదే, ముందుగా నర్సమ్మను అడగండి.

ముహూర్తం

అమావాస్య వస్తోందనీ, నక్షత్రం బాగుందనీ తేదీ పెట్టించి కోయించడం మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఇది డాక్టర్ మీద నెట్టలేని కారణం, ఇంట్లోవాళ్లే వదులుకోవాలి. ఏ వైద్య కారణమూ లేకుండా 39 వారాలకు ముందు తీస్తే బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు ఆరక ఆయాసం వచ్చే ముప్పు పెరుగుతుంది, జాతకం బాగున్న పిల్లవాడు పుట్టగానే పసిపిల్లల ఐసీయూలో (ఎన్ఐసీయూ) ఉండాల్సి రావొచ్చు. అర్ధరాత్రి ముహూర్తాల్లో బ్లడ్ బ్యాంకు, పిల్లల డాక్టర్, మత్తు డాక్టర్ దొరకడం కష్టం. ఆపరేషన్ ఎలాగూ తప్పని తల్లికైతే, 39 వారాలు నిండాక పగటిపూట వచ్చే రోజుల్లో నచ్చినది ఎంచుకోండి. మాయ అడ్డుగా ఉండటం వంటి కొన్ని స్థితుల్లో డాక్టరే ముందు తేదీ చెబుతారు, అది వేరే సంగతి.

ఆపరేషన్ ఖాయమైతే

ముందు 6 గంటలు ఘనాహారం ఉండదు, మామూలు నీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. వెన్నులో ఇచ్చే మత్తుతో నడుము కింద స్పర్శ పోతుంది, మెలకువ ఉంటుంది. ఆ ఇంజెక్షన్ వల్ల జీవితాంతం నడుంనొప్పి వస్తుందన్నది అపోహ. కోతకు ముందే యాంటీబయాటిక్ పడాలి. పొత్తికడుపు కింద అడ్డంగా 10–15 సెంటీమీటర్ల కోత, 5–10 నిమిషాల్లో బిడ్డ, మొత్తం గంటలోపు. తల్లీబిడ్డా బాగుంటే థియేటర్‌లోనే బిడ్డను గుండెల మీద వేయమని, గంటలోపు పాలు పట్టించమని ముందుగానే చెప్పి ఉంచండి. తేనె, చక్కెర నీళ్లు నాకించకండి.

రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే ఒక రోజులోపే లేచి నడవాలి. పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించడం, పప్పు తింటే కుట్లు చీము పడతాయని మాన్పించడం హాని చేస్తాయి. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పాలు, మాంసమే కావాలి, పాలు పడటానికి నీళ్లు కావాలి. ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనది ఎత్తొద్దు. జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు లేదా చీము, ఒక కాలి పిక్కే వాచి నొప్పెట్టడం, గంటకో ప్యాడ్ తడిచేంత రక్తస్రావం కనబడితే అదే రోజు ఆసుపత్రికి రావాలి.

తర్వాతి కాన్పు

ఒకసారి సిజేరియన్ అయినవాళ్లు ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పు అవుతుంది. పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం దాదాపు 200 మందిలో ఒకరికి. అది చిన్నది కాదు, అందుకే రాత్రీపగలూ థియేటర్, రక్తం సిద్ధంగా ఉండే ఆసుపత్రిలోనే ప్రయత్నించాలి. గర్భాశయం మీద నిలువు కోత పడినవాళ్లు, ముందు ఒకసారి కుట్టు విచ్చుకున్నవాళ్లు ప్రయత్నించకూడదు. రెండు కాన్పుల మధ్య కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్లకు పైగా ఎడం ఉండాలి.

మళ్లీ మళ్లీ కోతల ముప్పు మాయ దగ్గర బయటపడుతుంది. ముందు ఒక సిజేరియన్ అయి, ఈసారి మాయ కింద ఉంటే, అది గర్భాశయ కండలోకి పాతుకుపోయే అవకాశం దాదాపు 11 శాతం. రెండు అయి ఉంటే 40 శాతం. అలాంటి కాన్పులో విపరీతమైన రక్తస్రావం జరిగి గర్భసంచే తీసేయాల్సి రావొచ్చు. ముందు సిజేరియన్ అయినవాళ్లు ఐదో నెల స్కాన్‌లో మాయ ఎక్కడుందో, పాత కుట్టు మీద ఉందో లేదో ప్రత్యేకంగా రాయించుకోవాలి.

ఇదంతా తేల్చడానికి ఆధారం మొదటి ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జ్ కాగితం. "ఎల్ఎస్‌సీఎస్ (అంటే సిజేరియన్) చేశాం" అన్న ఒక్క ముక్కతో సరిపెడితే ఒప్పుకోవద్దు. ఎందుకు చేశారు, అప్పటికి ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు, గర్భాశయం మీద కోత అడ్డంగానా నిలువుగానా, కోత పక్కకు చీలిందా, ఎంత రక్తం పోయింది, బిడ్డ బరువెంత, తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా అన్నవి రాయించుకుని, ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో దాచండి.